మామ విన్న ఒక్క ఆర్డరు

వచ్చే ఏడాది రిటైరవుతాను కనుక, తప్పులేమైనా ఉంటే ఇప్పుడే చూసుకోమని మొన్న ఆఫీసులో నా సర్వీసు రిజిస్టరు నా చేతికిచ్చారు. ముప్పై ఏళ్లకు దగ్గరపడ్డ ఉద్యోగమంతా ఒక లావుపాటి పుస్తకంలో ఉంది. మొదటి పేజీలో గుర్తింపు చిహ్నం కింద రాయించిన ఎడమ మోచేతి పుట్టుమచ్చను వెతుక్కుంటే అది ఎప్పుడో మాసిపోయింది. మనిషి మీది మచ్చ పోయినా పుస్తకంలో మచ్చ పోదు కదా అని నవ్వుకుంటూ పేజీలు తిప్పుతున్నాను. నడుమ ఒకచోట ఎర్ర సిరాతో రాసిన రెండు వరుసలు కనబడ్డాయి. కేసు విషయం బయటికి చెప్పినందుకు లిఖితపూర్వక హెచ్చరిక అని. పక్కన నిలబడ్డ కొత్త గుమస్తా పిల్ల అది చదివి, "మేడం, మీరా?" అంది. నవ్వేసి పేజీ తిప్పేశాను.

ఆ రెండు వరుసల వెనుక మా మామ ఉన్నాడు. అమ్మకు సొంత అన్న. నేను పదో తరగతిలో ఉండగా నాయిన పోయాడు. అమ్మ కూలికి పోయేది. ఆడపిల్లకు చదువెందుకని చుట్టాలంతా అంటున్న రోజుల్లో మామ నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని టౌనులో టైపు నేర్పే చోటికి తీసుకుపోయాడు. నేను నేర్చుకున్నంతసేపూ బయట మెట్ల మీద కూర్చునేవాడు. ఎందుకు సైకిలంటే, ఆయన బస్సెక్కడు. ఒకనాడు డ్రైవరు తన స్టేజీ దగ్గర ఆపకుండా కొంచెం దూరం పోయి ఆపాడట. "నన్ను యాది మరిసిన బస్సు నాకెందుకు" అని ఆ రోజు నుంచి ఆ దారిలో బస్సెక్కడం మానేశాడు. ఆ డ్రైవరు రిటైరయ్యాడు, బస్సు తుక్కు కిందికి పోయింది, ఆయన పంతం మాత్రం కొత్త బస్సుల మీదికి కూడా సాగింది. ఇంట్లో మేమంతా ఆ మొండితనాన్ని కథలుగా చెప్పుకుని నవ్వేవాళ్లం. నా ఉద్యోగం కూడా ఆ మొండితనం పెట్టిన భిక్షే కదా.

రాష్ట్రం వచ్చిన రెండు మూడేళ్లకు, జిల్లాలు విడిపోయి ఆఫీసు బోర్డుల మీద కొత్త పేర్లు రాస్తున్న రోజుల్లో, మామ ఎకరంనర చెల్కలో బత్తాయి పెట్టాడు. ఒక్కో మొక్కకూ బిందెతో నీళ్లు మోసి పోశాడు. ఆ చెల్క అంచున కుంటకు పోయే బాట ఉంది. గొర్లు, మేకలు తరతరాలుగా ఆ బాటనే పోయి నీళ్లు తాగి వస్తాయి. ఎక్కువగా నడిచేది ఒక గొర్ల ఆమె మంద. భర్త పోయిన మనిషి, ఇద్దరు ఆడపిల్లలతో మంద కాసుకుని బతికేది. వరసకు మామను అన్నా అని పిలిచేది. ఒక ఎండాకాలం ఆమె మేకలు తోటలో పడి అంచు వరుసల లేత మొక్కలను మొదలంటా కొరికేశాయి. మామ ఆమెతో పోట్లాడలేదు. పోట్లాడి ఉంటే ఆ రోజుకు ఆ రోజు తీరిపోయేదేమో. మాట్లాడకుండా బాటకు అడ్డంగా రాతి కడీలు పాతి ముళ్ల తీగ చుట్టాడు. ఆమె మంద గుట్ట చుట్టూ తిరిగి నీళ్లకు పోవాల్సి వచ్చింది. ఆ ఎండలకు కొన్ని గొర్రెపిల్లలు దారిలోనే పడిపోయాయి. ఊళ్లో పెద్దమనుషులు చెప్పి చూశారు. చివరకు ఆమె కోర్టుకు వచ్చింది. ఆ కోర్టు నేను స్టెనోగా పనిచేస్తున్న కోర్టే.

మామ సమన్లు తీసుకోలేదు. కోర్టు మనిషి వస్తే తలుపు వేసుకున్నాడు. వాయిదాకు రాలేదు, వకీలును పెట్టుకోలేదు. ఆయన లేకుండానే విచారణ జరిగి, బాటకు అడ్డం పెట్టకూడదని ఆర్డరు వచ్చింది. జడ్జిగారు చెబుతుంటే రాసుకుని టైపు చేసింది నేనే. ప్రతివాది పేరు దగ్గర నా వేళ్లు తడబడ్డాయి. ఆ పేరు మా ఊళ్లో నలుగురికి ఉంటుంది, ఎవరు కనిపెడతారులే అనుకుని ఊరుకున్నాను. ఆయన మా మామ అని జడ్జిగారికి చెప్పడానికి అదే సమయమని తెలుసు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. ఒకసారి దాచినదాన్ని రెండోసారి చెప్పడం మరీ కష్టమని అప్పుడు తెలిసింది. ఆర్డరు ఊరికి పోయింది. కడీలు కదల్లేదు. గొర్ల ఆమె మళ్లీ అర్జీ పెట్టింది. హెచ్చరిక పోయింది. కడీలు కదల్లేదు. జరిమానా వేస్తే ఆ కాగితాన్ని మామ మడిచి దూలం సందున పెట్టాడట. అమ్మ ఫోన్ చేసి ఏడ్చేది. అటెండరు ఏ కేసు పేరు పిలిచినా ఉలిక్కిపడేదాన్ని. అన్నం సయించేది కాదు.

చివరికి ముందు కబురు లేకుండా గురువారం పోయి చూసి రమ్మని జడ్జిగారు ఒక వకీలును కమిషనరుగా వేశారు. ఆ సాయంత్రం అమ్మతో మాట్లాడుతూ, గురువారం మీ అన్నను జర జాగ్రత్తగా ఉండమని నోరుజారాను. నోరుజారానని ఇప్పుడంటున్నాను గానీ, జారిందో జార్చానో నాకే సరిగ్గా తెలియదు. బుధవారం పొద్దుగూకేలోపు మామ తీగ విప్పి, కడీలు పీకి గట్టున పడేశాడు. గురువారం కమిషనరు వచ్చి బాట తెరిచే ఉందని రాసుకుపోయాడు. శుక్రవారం కడీలు మళ్లీ లేచాయి. ఆ రిపోర్టు కోర్టులో చదివిన రోజు గొర్ల ఆమె హాలులో నిలబడి ఉంది. ఆమె చేతిలో సెల్‌ఫోనులో తీసిన ఫోటో ఉంది, శుక్రవారానిది. ఆమె ముఖం చూడలేక నేను టైపు మిషను రిబ్బను సరిచేస్తున్నట్టు తల వంచుకున్నాను. ఆ మిషనుకు అప్పటికే రిబ్బను లేదు. కంప్యూటర్లు వచ్చి ఏళ్లయింది, అది ఊరికే బల్ల మీద ఉండేది.

మా జడ్జిగారు వేరే జిల్లా నుంచి వచ్చిన ఆమె, నాకన్నా పదేళ్లు చిన్న. ఆ రోజు మధ్యాహ్నం నన్ను చాంబరులోకి పిలిచి, అన్నం డబ్బా మూత తీసి కూడా తినకుండా కూర్చున్నారు. మాట వినని మనిషిని ఏం చేయాలో ఆమెకు తోచడం లేదు. జైలుకు పంపితే ఊళ్లో వీరుడవుతాడు, మొండితనం ముదురుతుంది. జరిమానా వేస్తే ఆయనకు పట్టదు. ఊరుకుంటే రేపు ఇంకొకడు పాతుతాడు. ఇవన్నీ తనలో తను అనుకుంటున్నట్టు చెప్పి, చివరకు నా వైపు చూసి, "వినే మనిషికి మాత్రమే పనికొచ్చే ఆర్డరైతే, ఆ గొర్ల ఆమె చేతికి మనం ఇచ్చింది ఏమిటండీ?" అన్నారు.

అప్పుడు చెప్పేశాను. ఆయన మా మేనమామ అని, గురువారం సంగతి ఊరికి చేరింది నా నోటి నుంచే అని. ఆమె కేకలేయలేదు. డబ్బా మూత పెట్టి, ఎన్నాళ్ల నుంచి దాస్తున్నారని మాత్రం అడిగారు. సాయంత్రానికి మెమో చేతికొచ్చింది. ఆ ఫైలు మళ్లీ నా బల్ల మీదికి రాలేదు. ఆ కేసు కాగితాలన్నీ ఆమె స్వయంగా చేత్తోనే రాసుకున్నారు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియక నెలరోజులు నిద్రలేకుండా గడిపాను; చివరకు ఆ ఎర్ర సిరా హెచ్చరికతో సరిపెట్టారు. ఇంట్లో మా ఆయనకు కూడా వెంటనే చెప్పలేకపోయాను.

ఆ తర్వాతి వాయిదాకు మామను పోలీసులు తీసుకొచ్చారు. తెల్ల ధోతి, భుజాన తువ్వాల, చేతిలో చెప్పులు. కోర్టులోకి చెప్పులతో పోకూడదని ఆయనకు ఎవరో చెప్పారట, ఆ ఒక్క మాట విన్నాడు. నేను తలుపు పక్కన నిలబడ్డాను. నన్ను చూసి చూడనట్టు ముందుకు పోయాడు. ఆర్డరు అందిందా అని జడ్జిగారు అడిగితే అందిందన్నాడు. చదివించుకున్నారా అంటే చదివించుకున్నానన్నాడు. మరి ఎందుకు వినలేదని అడిగితే కాసేపు తువ్వాల సర్దుకున్నాడు.

"నా మాట ఎవ్వరు ఇన్నరమ్మా, నేను ఇననీకి?" అన్నాడు.

జడ్జిగారు కలం కింద పెట్టి, ఇప్పుడు చెప్పండి వింటానన్నారు. మామ చెప్పాడు. ఏ మొక్క ఎక్కడ తెచ్చాడో, ఏ వరుసలో ఎన్ని బిందెలు పోశాడో, ఏ పొద్దున పోయి చూస్తే మోళ్లు మిగిలాయో. బల్లల మీద వకీళ్లు వాచీలు చూసుకోవడం మానేశారు. గొర్ల ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతా విని జడ్జిగారు, మీ చెట్ల నష్టానికి అర్జీ పెట్టుకోవడానికి ఉచితంగా వకీలును ఇప్పిస్తాను, ఈ మాట మొదటి వాయిదాకే వచ్చి చెబితే ఆర్డరు వేరేగా ఉండేదేమో అన్నారు. ఆర్డరు నచ్చకపోతే పై కోర్టుకు పోవాలి గానీ కడీలు పాతకూడదన్నారు. ఇవాళ మీ చేత్తో మీరే బాట తెరుస్తారా అని అడిగారు. అను మామా, ఊఁ అను, అని లోలోపల మొక్కుకున్నాను.

"నేను తెరువ," అన్నాడు మామ.

"మీ మాట విన్నాను. ఇక కోర్టు మాట మీరు వినాలి," అని ఆమె కాగితం ముందుకు జరుపుకున్నారు. కోర్టు అమీన్ పోలీసులతో పోయి బాట తెరవాలని, మామ పదిహేను రోజులు సివిలు ఖైదులో ఉండాలని రాశారు. ఎన్ని వందల ఆర్డర్లో నా చేతుల మీదుగా పోయాయి. ఒక్క ఆర్డరు వెనుక ఒక ఇల్లు ఎంత వణుకుతుందో ఆ రోజే చూశాను.

కడీలు పీకేశారు. నాలుగో రోజుకే గొర్ల ఆమె కోర్టుకు వచ్చింది. తనకు కావలసింది బాట, అది వచ్చింది, పెద్దమనిషిని విడిచిపెట్టమని చేతులు జోడించింది. ఇక ముందు అడ్డం పెట్టనని ఆయన కాగితం రాసిస్తే చాలు, ఇప్పుడే విడుదల చేస్తానన్నారు జడ్జిగారు. ఆ ఫైలు ముట్టుకోకూడదు గనక ఒక మేనకోడలిగానే సెలవు పెట్టి, వకీలు రాసిచ్చిన కాగితం పట్టుకుని అమ్మతో జైలుకు పోయాను. దారి పొడుగునా అమ్మ నోటినిండా ఒకటే మాట, అన్నకు షుగరు గోలీలు అందుతున్నాయో లేదో అని. నాకేమో, ఈయన సంతకం పెట్టకపోతే ఏం చేయాలన్న బెంగ.

ములాఖత్ గది ఇనుప జాలీకి అవతల మామ నాలుగు రోజులకే వడలిపోయి కనిపించాడు. కాగితం చదివి వినిపించాను. అడ్డం పెట్టనన్న మాట దగ్గర తలాడించాడు, అక్కడ సంతకం పెడతానన్నాడు. ముందే విడిచిపెట్టమన్న వరుస మాత్రం కొట్టెయ్యమన్నాడు. అమ్మ ఏడుస్తూ, బతిమాలుతూ, నీ పానం మీదికొస్తదన్నా అంటే ఆయన చాలా మెల్లగా చెప్పాడు.

"జడ్జమ్మ పదిహేను దినాలన్నది గదా, పదిహేను దినాలుంట. ఇన్నొద్దులు ఆమె మాట ఒక్కటి ఇనలే. గీ ఒక్కటన్న సక్కగ ఇననియ్యుండ్రి."

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కోర్టు మాట వినని మనిషి, కోర్టే వద్దన్నా శిక్ష వదలనంటున్నాడు. లేవబోతుంటే జాలీకి ముఖం దగ్గరగా పెట్టి, "నీ నౌకరికేమన్న అయిందా బిడ్డా?" అని అడిగాడు. ఏమీ కాలేదని అబద్ధమాడుదామనుకున్నాను. దాచడం వల్ల జరిగింది చాలనిపించి మెమో సంగతి చెప్పాను. జడ్జమ్మకు చెప్పు, గా మచ్చ నీకు నా వల్లనే వడ్డది, దానికింద ఇంకో పది దినాలు నాకే ఎయ్యమను అన్నాడు. అట్లా వేయరు మామా అంటే, గట్లెందుకు ఎయ్యరు అని నిజంగానే ఆశ్చర్యపోయాడు.

పదిహేను రోజులూ ఉండి బయటికి వచ్చాడు. అసలు భయం అప్పుడు మొదలైంది మాకు. ఇంట్లో గడ్డపార దాచేసింది అత్తమ్మ. మర్నాడు పొద్దున మంద బాట మీదికి వచ్చే వేళకు మామ చేత కర్ర పట్టుకుని చెల్కలోకి పోతుంటే అమ్మ నాకు ఫోన్ చేసింది. మామ పోయి తోట అంచున, బాటకూ మొక్కలకూ నడుమ నిలబడ్డాడు. మేకలు మెడ సాచితే కర్ర అడ్డం పెట్టాడు. మంద దాటిపోయింది. గొర్ల ఆమె గానీ ఆయన గానీ ఒక్క మాట మాట్లాడుకోలేదు. సాయంత్రం మంద తిరిగొచ్చే వేళకు మళ్లీ పోయి నిలబడ్డాడు. ఆ తర్వాత రోజూ అంతే. నష్టం అర్జీ ఆయన పెట్టలేదు, ఎవరు చెప్పినా వినలేదు. వానాకాలం నడుమకు వచ్చేసరికి ఆమె పెద్ద బిడ్డ మంద ముందు నడుస్తూ తోటవైపు తనే అదిలించడం మొదలుపెట్టింది. అయినా ఆయన నిలబడటం మానలేదు.

మూడేళ్ల తర్వాత బత్తాయి కాపుకొచ్చింది. మొదటి కాయలు తట్టలో పోసుకుని మామ గొర్ల ఆమె గడపలో పెట్టి వచ్చాడట. ఈ సంగతి నాకు ఆమే చెప్పింది, ఆయన పోయిన నాడు. అప్పటిదాకా అమ్మ ఫోన్ మోగితే చాలు, కడీలు లేచాయేమో అనుకునేదాన్ని. అవి ఏనాడో లేవడం మానేశాయని తెలియక అంతకాలం భయపడుతూ బతికాను. వాయిదాల మధ్య పనిచేసిన దాన్ని గనక కాలాన్ని నేను తారీఖులుగానే చూశాను. మామ మనసు మెత్తబడిన తారీఖు ఏదో మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు, ఆయనకు కూడా తెలిసి ఉండదు.