పెంగెల్లీ వాలు అక్షరాలు

సిలస్ పెంగెల్లీ లెక్కలో మా ఊళ్లో ఉన్నది రెండే రకాల మనుషులు: ఆయన అక్షరాలు దొంగిలించినవాళ్లు, దొంగిలించడానికి అదను చూస్తున్నవాళ్లు. నేను రెండో రకం. ఆయన షెడ్డుకు ఎదురుగా నాది ఇనుప సామాన్ల కొట్టు. ఆయనకు జింకు రేకూ నల్లరంగూ అమ్మేది నేనే కాబట్టి నాకా మాత్రం మర్యాద దక్కింది.

గొర్రెల ఆసాములు ఊలు కుక్కిన గోనె బేళ్ల మీద తమ పేర్లు వేసుకునే స్టెన్సిల్ రేకులు, అక్షరానికొకటి చొప్పున, కోయడం ఆయన పని. ఆ అక్షరాలు మహా లావు, పైగా అన్నీ కుడికి వాలి ఉంటాయి. లావెందుకో నాకూ తెలుసు, గోనెగుడ్డ మీద సన్నగీత నిలవదు. వాలెందుకని అడిగితే మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "నిన్నెవడు పంపాడు?" అన్నాడు. చాన్నాళ్లకు కరిగి చెప్పాడు: నిటారు అక్షరం బేలు మీద చతికిలబడుతుందట, వాలు అక్షరం బేళ్లు ఓడెక్కే రేవుకేసి నడుస్తుందట.

ఇంగ్లీషు ఓ లాంటి గుండ్రటి అక్షరం కోస్తే మధ్యముక్క ఊడి పడిపోతుంది. అది పడకుండా వదిలే సన్నటి పట్టీని వంతెన అంటారు. అందరూ వంతెన నిలువుగా వదిలితే పెంగెల్లీ దాన్నీ వాల్చాడు. ఆ రోజు నుంచి ఆయనకు మనశ్శాంతి లేదు. ఎక్కడ అక్షరం కనబడ్డా జేబులోంచి మడత స్కేలు తీసి, "ఈ వంతెన ఎవరిది?" అనేవాడు. చర్చి చందాపెట్టెనూ వదల్లేదు, అంబులెన్సునూ వదల్లేదు, అందులో రోగి ఉన్నా సరే.

ముసలి ట్రెలోర్ పోయినప్పుడు కొడుకులు ఆయన బేళ్ల మీది పేరే శవపేటిక మీదా వేశారు. సమాధి దగ్గర పెంగెల్లీ మోకాళ్ల మీద కూలబడ్డాడు. పాదిరిగారి మనసు కరిగిపోయి భుజం మీద చెయ్యి వేశారు. ఈయన స్కేలు మడిచి, "నాదే. కొన్న రేకే," అంటూ లేచాడు. ఆ గొంతులో కాస్త నిరాశ కూడా వినబడింది.

అలాంటి మనిషున్న ఊళ్లో వాల్మా మాంసం కూరి కాల్చిన కజ్జికాయల్లాంటి పాస్టీల కొట్టు పెట్టింది. బేళ్లు నొక్కే యంత్రం దగ్గర ఆమె మొగుడు నడుం విరగ్గొట్టుకుని మంచాన పడ్డాడు. పాస్టీల్లో మాంసానికీ లోటు లేదు, మిరియాలకూ లోటు లేదు, లోటల్లా తినేవాళ్లకే. ఊలు కత్తిరించడానికి వచ్చిన జనమంతా నేరుగా పబ్బుకే పోయేవారు. కత్తిరింపులు అయ్యేలోగా బేరం పుంజుకోకపోతే కొట్టు మూసేసి అడిలైడ్‌లో అక్క పంచన చేరాల్సిందేనని వాల్మా నాతో అంది.

ఒక సోమవారం పొద్దున ఆమె గోడ మీద 'హాట్ పాస్టీస్' అని లావుపాటి వాలు అక్షరాలు వెలిశాయి. అన్నీ కుడికి వాలితే, ఇంగ్లీషులో 'హాట్' మధ్యనుండే ఓ మాత్రం ఎడమకు వాలింది. నిటారు ఓ అయితే రేకు తిరగేసి పెట్టినా ఎవరూ పోల్చలేరు, వాలు ఓ ఇట్టే పట్టిస్తుంది. అందుకే పెంగెల్లీ అమ్మే ప్రతి రేకుకూ ఒక మూల కత్తిరించి ఇస్తాడు. ఆ మూల చూసుకుని పెడితే గుడ్డివాడికైనా తిరగబడదు.

పెంగెల్లీ వచ్చాడు, కొలిచాడు, దొంగతనం జరిగిందని నడివీధిలో ప్రకటించాడు. ఆమెకు రేకులు అందించినవాడే దొంగ అని తేల్చి, కుర్చీ తెచ్చుకుని గోడకు ఎదురుగా కూర్చుని, తన రేకులున్న ఆసాముల్ని ఒక్కొక్కర్నీ పిలిపించాడు. విచారణ పద్ధతి ఒకటే. అక్షరాల ఎదుట కూర్చుని పాస్టీ తినాలి. తప్పు చేసినవాడికి ముద్ద దిగదని ఆయన సిద్ధాంతం.

గార్త్ బికిల్ అనే బండ ఆసామి వరసగా మూడు లాగించి మూతి తుడుచుకున్నాడు.

"ఇంకా అనుమానమేనా పెద్దాయనా?"

"ఇప్పుడే ఎక్కువైంది. తప్పు చెయ్యనివాడికి ఇంత ఆకలేమిటి?"

"అయితే రేపు మా పనివాళ్లందర్నీ తోలుకొస్తా. వాళ్లనీ చూడండి."

పనివాళ్లు వచ్చారు. వాళ్లను చూడ్డానికి పక్క ఊళ్లవాళ్లు వచ్చారు. పబ్బులో ఈగలు మిగిలాయి. వాల్మా రెండో పొయ్యి పెట్టింది, కానీ మొహంలో కంగారు పోలేదు. ఒకరోజు నన్ను వంటగదిలోకి లాగింది.

"హాస్కిన్ గారూ, ఆ రేకులు నా గుమ్మంలో పెట్టింది మీరే కదా? వేసి ఆరబెడితే తెల్లారేసరికి మాయమయ్యాయి. పెంగెల్లీ గారితో చెప్పెయ్యండి."

నేను పెట్టలేదు. అంతటి మంచితనం నాకు తట్టనే లేదు. "మూల కత్తిరించి ఉందా?" అన్నాను.

"లేదు. నాలుగు మూలలూ ఉన్నాయి. అందుకే ఓ తిరగబడింది."

ఆ వాలు అక్షరాలు కోసి, ఇంకా మూల కత్తిరించని రేకులు ప్రపంచంలో ఒక్కచోటే ఉంటాయి, పెంగెల్లీ సొంత బల్ల మీద. నేను పోయి ఆయన పక్కన కూర్చుని, రేకులు పెట్టింది మీరేగా అని మెల్లగా అడిగాను. ఆయన అటూ ఇటూ చూశాడు.

"ఎవరితోనైనా అన్నావా?"

"లేదు."

"రండి, తినండి అని బతిమాలితే ఎవడూ కదలడు. నువ్వు దొంగవి అంటే చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొస్తాడు."

ఆ ముసలాయన మీద నాకు ఒక్కసారిగా ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను. ఆ మాటే చెప్పబోయాను. ఆయన అప్పటికే స్కేలు బయటికి తీశాడు.

"అమ్మాయ్ వాల్మా, హాస్కిన్‌కి ఒకటి పట్రా. చాలా రోజులుగా వీడి మీద కన్నేసి ఉంచాను."

వాల్మా తెచ్చింది. కొరికాను. ఎదురుగా ఆ ఎడమకు వాలిన ఓ, పక్కన ఈయన కళ్లు చికిలించి నా దవడల వంక చూడటం. నవ్వు పొర్లుకొచ్చి ముద్ద దిగలేదు.

"చూశారా," అన్నాడు పెంగెల్లీ జనంతో. "నమ్మకంగా చెప్పలేం. ఇంకోటి పెట్టమ్మా."