ఆ గుంపులో నన్ను పిలిచింది ఎవరు?

"బన్నీ మమ్మీ, పైన సూడు."

ఈ మాట చెవిన పడినప్పుడు చుట్టూ అంతమంది అరుస్తున్నారు. ఎవరి మాటా ఎవరికీ వినిపించడం లేదు. ఈ గొంతు మాత్రం అరవలేదు. పక్కింటి గోడ మీద నుంచి కరివేపాకు అడిగినంత మామూలుగా పలికింది. ఆడమనిషి గొంతో, పిల్లాడి గొంతో ఇప్పటికీ చెప్పలేను. ఏదో ముంచుకొస్తోందని మాత్రం తల తిప్పకముందే తెలిసిపోయింది.

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాదు. కెమిస్ట్రీలో పీజీ చేశాను. గాజులరామారంలోని పుట్టింటి నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో, శ్మశానం గోడ పక్కన ఇల్లు ఖాళీగా ఉందంటే మా ఆయన వెనకాడాడు. గాలి బాగా వస్తుందని నేనే ఒప్పించాను. అక్కడ హాయిగానే ఉన్నాం. అలాగని నేను ధైర్యవంతురాలినేమీ కాదు. సంపు మూతలంటే భయం, గ్యాస్ స్టవ్ అంటే భయం, వీధి కుక్కలంటే భయం, షామీర్‌పేట రోడ్డు మీద మట్టి టిప్పర్లంటే భయం. నా భయాలన్నీ కళ్లెదుట ఉన్నవాటి గురించే. చనిపోయినవాళ్ల గురించి ఎప్పుడూ భయపడలేదు.

ఇప్పుడు మేముండేది లాల్‌గడి మలక్‌పేట్ దగ్గర ఒక కొత్త లేఅవుట్‌లో. సగం ఇళ్లు, సగం ఖాళీ ప్లాట్లు. మాది మొదటి అంతస్తు. కింద ఇంటి ఓనరు తల్లి యాదమ్మ అవ్వ ఒక్కతే ఉంటుంది. మా పాప సిరి ఒకటో తరగతి. బాబు బన్నీకి మూడో ఏడు నడుస్తోంది.

మాకు ఎదురు వరుసలో, రెండిళ్ల అవతల చిన్ను వాళ్లు అద్దెకుండేవాళ్లు. మా వీధి ఆడవాళ్లం ఒకరినొకరం సొంత పేర్లతో పిలుచుకోం, పిల్లల పేర్లతో పిలుచుకుంటాం. నేను బన్నీ మమ్మీని, ఆమె చిన్ను మమ్మీ. పిల్లలందరూ మమ్మల్ని ఆంటీ అంటారు. నాలుగేళ్ల చిన్ను మాత్రం వాళ్లమ్మ ఎలా పిలిస్తే అలాగే పిలిచేవాడు. మా గేటు పట్టుకొని, "ఓ బన్నీ మమ్మీ, ఏం కూర ఒండినవ్?" అని పెద్దమనిషిలా అడుగుతుంటే నవ్వు ఆగేది కాదు.

ఆ చిన్ను చనిపోయాడు. మెట్ల మీద నుంచి పడ్డాడని మొదట అన్నారు. కొద్ది రోజులకు పోలీసులు వాళ్లమ్మను అరెస్టు చేశారు. ఆ ఇంటి లోపల ఏం జరిగిందో నాకు తెలియదు. కేసు కోర్టులో ఉంది కాబట్టి అంతకు మించి రాయను.

నాకు తెలిసినవి రెండే సంగతులు. ద్రాక్షపళ్లు పిల్లల చేతికిచ్చే ముందు ఆమె ఒక్కో పండునూ సగానికి కోసేది, గొంతుకు అడ్డం పడతాయని. కొడుకు మీద వీధి చివరికి వినబడేలా అరిచేది. నేనూ అరుస్తాను. వీటిలో దేన్ని పట్టుకొని ఆమె ఎలాంటిదో తేల్చాలో నాకు అర్థం కాలేదు.

కాలనీలో మిగతావాళ్లకు మాత్రం అంతా అర్థమైపోయింది. మా వాట్సాప్ గ్రూపు నీళ్ల ట్యాంకర్ ఎప్పుడొస్తుందో కనుక్కోవడానికి పెట్టుకున్నది. అరెస్టు వార్త వచ్చినప్పటి నుంచి అందులో వేరే మాట లేదు. "ఆమె చూపే తేడాగ ఉంటుండె." "కన్నతల్లేనా గిది?" "గసొంటిదాన్ని చౌరస్తల ఉరి తియ్యాలె." నెల కిందట ఆమె చేతి సకినాలు బాగున్నాయని రెండోసారి అడిగి తీసుకున్నావిడ కూడా అదే రాసింది.

మైకులు పట్టుకొని యూట్యూబ్ వాళ్లు వచ్చారు. ఎవరో వాళ్లకు ఆమె ఫొటో ఇచ్చారు. అది బన్నీ పుట్టినరోజున తీసింది. పక్కనున్న నన్ను కత్తిరించారు గానీ, ఆమె భుజం మీద నేను వేసిన చెయ్యి మిగిలిపోయింది. ఎర్ర అక్షరాలతో రాక్షసి అని రాసిన ఆ ఫొటోలో నా గాజులు కనిపిస్తాయి.

అరెస్టు చేసినవాళ్లను సంఘటన జరిగిన చోటికి తీసుకొచ్చి, ఏది ఎలా జరిగిందో పోలీసులు చూపించమంటారు కదా. అలా ఆమెను ఇంటికి తీసుకొస్తున్నారని ఆ రోజు మధ్యాహ్నం నుంచే గ్రూపు మోగిపోతోంది. "చెప్పులేసుకొని రండ్రి, పని పడ్తది" అని ఒకాయన రాస్తే నవ్వు బొమ్మలు వరస కట్టాయి. నేను వెళ్లకూడదనుకున్నాను.

కానీ సిరి స్కూలు వ్యాను వచ్చే వేళ అదే. రోజూ ఆ సమయానికి బన్నీ నిద్రలో ఉంటాడు. యాదమ్మ అవ్వకు ఒక మాట చెప్పి, బయట గొళ్లెం పెట్టి, వీధి చివరికి వెళ్లి సిరిని తీసుకొస్తాను. నాలాంటి తల్లులందరం చేసే పనే. ఆ రోజు కరెంటు పోయింది. వాడికి ఉక్కపోయకుండా బాల్కనీ తలుపు తెరిచి ఉంచాను. మెట్లు దిగుతూ, "అవ్వా, బన్నీ పండుకున్నడు, జర చూస్తుండు, ఇప్పుడే వస్త" అన్నాను. అవ్వ అప్పటికే లేచి వీధిలోకి వెళ్లిందని నాకు తెలియదు.

జనం వల్ల వ్యాను లోపలికి రాలేదు, మెయిన్ రోడ్డు మీదే ఆగింది. సిరిని దింపుకొని వెనక్కి వచ్చేసరికి వీధి నిండిపోయింది. పక్క కాలనీల వాళ్లు, పేట్ బషీరాబాద్ నుంచి బళ్ల మీద వచ్చిన కుర్రాళ్లు, చంకలో పిల్లలతో ఆడవాళ్లు. చిన్ను వాళ్ల గేటు ముందు మేమిద్దరం ఇరుక్కుపోయాం. ముందుకు దారి లేదు, వెనక్కి లేదు. అదే సమయానికి పోలీసు బండి వచ్చి ఆగింది.

ఆమె దిగింది. తల మీద నుంచి గడ్డం దాకా టవల్ చుట్టారు. పక్కన ఒక లేడీ కానిస్టేబుల్ చెయ్యి పట్టుకొని ఉంది. ఆమె వాళ్ల గేటు వైపు తిరిగి నిలబడింది.

"మొఖం మీద బట్ట దీయుండ్రి! సూడనియ్యుండ్రి!"

"ఎట్ల చెయ్యొచ్చిందే నీకు?"

ఎవరిదో చెప్పు గాల్లో లేచి బండి అద్దానికి తగిలింది. చేతులన్నీ పైకి లేచి ఉన్నాయి, సగం చేతుల్లో ఫోన్లు. సిరి నా నడుము చుట్టూ చేతులేసి ముఖం దాచుకుంది. నేనూ చిన్ను వాళ్ల గేటు వైపే తిరిగి ఉన్నాను. మా ఇల్లు నా వెనక ఉంది.

అప్పుడు వినిపించింది. "బన్నీ మమ్మీ, పైన సూడు."

తిరిగి చూశాను. మా బాల్కనీలో బన్నీ. బట్టలారేయడానికి వాడే ప్లాస్టిక్ స్టూలు ఎక్కి, పిట్టగోడ మీద బోర్లా పడుకొని ఉన్నాడు. కాళ్లు స్టూలు మీద లేవు. పోలీసు బండి మీద తిరుగుతున్న ఎర్ర లైటు కోసం రెండు చేతులూ ముందుకు చాపుతున్నాడు.

నేను అరిచాను. ఏమని అరిచానో తెలియదు. నా పక్కనున్నాయన నేనూ ఆమెనే తిడుతున్నాననుకొని, "గట్ల అడుగు చెల్లె, ఇంకా గట్టిగ అడుగు" అన్నాడు. ఆయన చొక్కా చిరిగేలా పట్టుకొని గుంజి, మెడ పట్టి మా ఇంటి వైపు తిప్పాను. ఆయన చూశాడు. "అరే పోరడు! పోరడు పడ్తుండు!" అని వేసిన కేకకు జనం చీలిపోయారు.

ఎలా పరిగెత్తానో, సిరిని ఎవరికి వదిలానో గుర్తు లేదు. గొళ్లెం తీయడం, హాలు దాటడం, వాడి నిక్కరు నా పిడికిట్లోకి రావడం, అంతే. వాణ్ణి గుండెకు అదుముకొని కిందికి చూశాను. పిట్టగోడ కింద ఏడెనిమిది మంది మగవాళ్లు చేతులు చాపి నిలబడి ఉన్నారు. చొక్కా చిరిగినాయన అందరికంటే ముందున్నాడు. ఒకతను చాపిన చేతుల్లో ఒక చేతిలో చెప్పు ఇంకా అలాగే ఉంది. ఆ సంగతి అతనికి తెలిసినట్టు లేదు.

వాళ్లందరికీ నేను రుణపడి ఉన్నాను. బన్నీ జారి ఉంటే వాళ్ల చేతుల్లోనే పడేవాడు.

కాసేపటికే ఎవరో మొదలుపెట్టారు. "పసిపోరన్ని ఇంట్లేసి గొళ్లెం పెట్టి తమాషా సూడ వొచ్చినవా? మీరేం తల్లులమ్మా!" ఇంకో గొంతు కలిసింది. రెండు ఫోన్లు నా వైపు తిరిగాయి.

యాదమ్మ అవ్వ ఎక్కడి నుంచి వచ్చిందో, సిరిని చంకకు హత్తుకొని మా గేటుకు అడ్డంగా నిలబడింది. "నోర్లు మూస్కోండ్రి! బడి బండికాడికి పోయింది ఆమె. మీ పోరగాండ్లను పొద్దంత ఎవరు సూస్తున్నరు? మీరా? పనిపాట లేక గీడికొచ్చి సచ్చిండ్రు గాని!" అంది. ఒకరిద్దరు నవ్వారు. ఫోన్లు దిగాయి. ఆ రోజు అవ్వ కాళ్లకు మొక్కాను. "సూస్తుండుమని నాకే చెప్పి పోతవు గదనే, నేనే చిన్ను వాళ్ల గేటు కాడికి పోతి" అని తనే కళ్లు తుడుచుకుంది.

పోలీసుల పని అయ్యాక ఆ లేడీ కానిస్టేబుల్ బాబు ఎలా ఉన్నాడో చూద్దామని పైకి వచ్చింది. మంచినీళ్లిచ్చి, నాకు తోచింది చెప్పాను. ఆ గొంతు చిన్ను మమ్మీదే అయ్యుంటుందని, ఆమె చెప్పకపోతే ఈపాటికి నా బతుకు ఇంకోలా ఉండేదని.

కానిస్టేబుల్ గ్లాసు కింద పెట్టింది. "ఆమె నోరే ఇప్పలేదమ్మా. ఠాణా కాడి నుంచి గింత మాట లేదు. నేను పక్కనే ఉన్న గదా."

"నేను విన్న మేడం."

"నాకైతే ఇనబడలే." తన ముంజేయి చూపించింది. గోళ్లు దిగిన గుర్తులున్నాయి. "మీరు కేకెయ్యక ముందు గిట్ల పట్టింది. వణికింది. మొఖం నిండ టవల్ ఉండె, మీ ఇల్లేమో ఎనక ఉండె. ఏం సూసి పట్టిందో నాకు సమజ్ కాలే."

ఆ సాయంత్రం అన్నం తింటూ సిరి అడిగింది. "మమ్మీ, చిన్ను ఏడ నుంచి పిలిచిండు నిన్ను?" నేను విన్న మాట గురించి అప్పటికి కానిస్టేబుల్‌కు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆమెకు చెప్పినప్పుడు సిరి కింద అవ్వ దగ్గర ఉంది.

మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి అంతా విన్నాడు. "కంటి కొస నుంచి నువ్వే చూసుంటవ్. నీ మెదడే గొంతు తయారు చేసింది. పరేషాన్ కాకు" అన్నాడు. అదే నిజమైతే బాగుండునని నాకూ ఉంది. కానీ ఇల్లు నా వెనక ఉంది. సిరి ముఖం నా కొంగులో ఉంది.

ఆ రోజు తీసిన వీడియోలు దొరికినవన్నీ చూశాను, చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని. తిట్లున్నాయి, బండి హారనుంది, చెప్పు తగిలిన చప్పుడుంది. ఆ మాట లేదు. ఒక వీడియోలో ఒక మూలన నేను కనిపిస్తాను. ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు తల తిప్పుతాను. నా నడుము దగ్గర సిరి కూడా అదే క్షణంలో తల ఎత్తుతుంది. చుట్టూ ఉన్న ఇంకెవరూ కదలరు.

పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నాను. బాల్కనీకి ఇప్పుడు గ్రిల్లు ఉంది. ఆమె ఇంకా జైల్లోనే ఉంది. నేను వెళ్లి కలవలేదు, కలిసి ఏమడగాలో తెలియదు. తప్పు చేసి ఉంటే శిక్ష పడాలి. చిన్నుకు న్యాయం జరగాలని రోజూ కోరుకుంటాను. ఆ పిలుపు పట్ల కృతజ్ఞత మాత్రం నా లోపల వీటిలో దేనికీ అడ్డం రాకుండా, దేనితోనూ కలవకుండా వేరుగా ఉంది. కాలనీలో ఎవరికైనా చెబితే నన్ను వింతగా చూస్తారు. ఆ గొంతు ఎవరిదో ఎంత ఆలోచించినా నాకు తేలలేదు. ఇక తేలుతుందనీ అనుకోను.

ఆ గొడవ జరిగిన మర్నాడు పొద్దున సిరికి జడ వేస్తున్నాను. బన్నీ పక్కనే కూర్చొని ఉప్మా నేలకు తినిపిస్తున్నాడు.

"మమ్మీ, వ్యాన్‌ల అందరు చిన్ను మమ్మీ బ్యాడ్ అంటున్నరు. నేనేమనాలె?" అని అడిగింది సిరి.

రిబ్బను ముడి వేశాను. తర్వాత ఇద్దర్నీ దగ్గరికి తీసుకొని చెప్పాను.

"ఆమె సంగతి జడ్జి సార్ చూస్తడు బేటా, మనం ఏమనొద్దు. నిన్న తమ్ముణ్ణి చూడుమని మనల్ని ఒకళ్లు పిలిచిన్రు. నువ్వు చిన్ను అంటున్నవ్. నాకేమో వాళ్ల మమ్మీ అనిపిస్తది. ఎవరో తెల్వదు కాబట్టి, ఇద్దరికీ దండం పెట్టుకొని బడికి పో."