కుంకుమ పోయిన రూపాయి

నవంబరు పదహారు, ఆదివారం సాయంత్రం. రాజమండ్రిలో మాస్టారి ఇంటి వరండా. ఉన్నవాళ్ళు: రిటైరైన లెక్కల మాస్టారు, ఆయన మేనల్లుడు, నేను. కాఫీ మేనల్లుడు పెట్టాడు. ఈ వేసవి దాకా ఆ పని మాస్టారి భార్యది. మొన్న ఆషాఢంలో ఆవిడ పోయారు.

మేము ముగ్గురం పాత నాణేలు పోగుచేసేవాళ్ళం. నెలకోసారి ఇలా కూర్చుని కొత్తగా దొరికినవి చూసుకుంటాం. ఇంటికి వెళ్ళాక నేను డైరీలో రాసుకుంటాను. కాలవల ఆఫీసులో ఉద్యోగం చేసిన రోజుల నుంచి వచ్చిన అలవాటది. ఈసారి బల్ల మీద ఉన్నది ఒకే ఒక్క నాణెం, రాణి బొమ్మ వెండి రూపాయి. గట్టి ప్లాస్టిక్ డబ్బీలో సీలు వేసి ఉంది. లోపల పైభాగాన చిన్న చీటీ. అసలు నాణెమేనని, కానీ కడిగినది కాబట్టి నాణ్యతకి గ్రేడు ఇవ్వలేదని దాని మీద ఉంది.

ఆ రూపాయి మాస్టారి ఆల్బమ్‌లోది కాదు. ఆవిడ కాపురానికి వస్తూ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. దేవుడి మందిరంలో లక్ష్మీదేవి పటం ముందు ఉండేది. ప్రతి శుక్రవారం పొద్దున్నే దాన్ని కుంకుడు రసంలో వేసి, విభూతితో తోమి, పసుపు రాసి కుంకుమ పెట్టేవారు. శ్రావణంలో అయితే కలశం కింద బియ్యంలో దాని చోటు దానికే. నాణేన్ని తోమకూడదని, తోమితే దాని మీది కాలమంతా పోతుందని మాస్టారు మా అందరికీ పాఠం చెప్పేవారు. ఇంట్లో మాత్రం ఆ మాట ఎత్తేవారు కాదు. ఆయన ఆల్బమ్‌లను ఆవిడ ముట్టుకునేవారు కాదు, ఆవిడ రూపాయిని ఆయన ముట్టుకునేవారు కాదు.

వచ్చేవారం ఊళ్ళో నాణేల ప్రదర్శన ఉంది. ఆవిడ పేరు రాసిన కార్డుతో ఆ రూపాయిని అక్కడ అద్దాల పెట్టెలో పెట్టించాలని మాస్టారి కోరిక. ఆవిడ పోయాక ఆయన నోరు తెరిచి అడిగింది అదొక్కటే. అయితే క్రితంసారి ఎవరో నకిలీలు పెట్టి గొడవైందట. ఈసారి నాణేలు పరీక్షించే గ్రేడింగ్ కంపెనీ సీలు వేసిన నాణేలే తీసుకుంటామన్నారు. అందుకని మేనల్లుడు దాన్ని కంపెనీకి కొరియర్ చేశాడు. అది తిరిగి వచ్చింది నిన్ననే.

“అసలుదే అన్నారు కదండీ మావయ్యా. గ్రేడు లేకపోతే ఏంటి? సీలుంది, చాలు. పెట్టెలో పెట్టేస్తారు” అన్నాడు మేనల్లుడు.

మాస్టారు డబ్బీని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు. భూతద్దం తీసుకున్నారు. అంచు నుంచి అంచు దాకా చూశారు.

“కుంకుమేదిరా?”

“ఏ కుంకుమండీ?”

“కిరీటం కింద, రాణి జుట్టు పాయల్లో ఉండేది. గట్టిపడిపోయింది. మీ అత్తయ్య పుల్ల పెట్టి గీకినా వచ్చేది కాదు. ఏది?”

మేనల్లుడు కూడా వంగి చూశాడు. జుట్టు పాయలు తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి.

“వాళ్ళు తీసేసుంటారు.”

“కడిగిందని చీటీ రాసినవాళ్ళే కడిగారా?”

మేనల్లుడికి నవ్వొచ్చింది. మాస్టారికి రాలేదు. డబ్బీని బల్ల మీద పెట్టి, “ఇది మీ అత్తయ్యది కాదేమోరా” అన్నారు.

పంపేముందు మేనల్లుడు ఫోనులో ఫొటో తీశాడు. దాన్ని పెద్దది చేసి చూశాం. ఆ ఫొటోలో రాణి ముఖం సగం దాకా కుంకుమే. దాని కింద గీతలున్నాయో, సొట్టలున్నాయో ఏం తెలుస్తుంది? మేనల్లుడు అప్పుడే కంపెనీ వాట్సాప్‌కి మెసేజి పెట్టాడు. మీరు పంపిన నాణెమే మీకు పంపాం, పైన మురికి ఉంటే మావాళ్ళు తీస్తారు అని కాసేపటికి జవాబు వచ్చింది.

“మురికంట” అన్నారు మాస్టారు.

“మీకు ఎవరి మీదా నమ్మకం ఉండదు మావయ్యా. పాలవాడి లీటరు మీద లేదు, బ్యాంకు వాడి వడ్డీ మీద లేదు. ఇక కంపెనీ మీద ఏముంటుంది?”

“పాలు కొలుచుకుంటాను, వడ్డీ లెక్కేసుకుంటాను. దీన్నేం చేసి చూసుకోమంటావురా?” అని నా వైపు తిరిగారు. “మీరు చెప్పండి, ఏమంటారు?”

నాకు తోచింది చెప్పాను. ఒకప్పుడు రూపాయిని గచ్చు మీద వేసి మోత వినేవాళ్ళం. ఇప్పుడు మోగే నకిలీలు కూడా వచ్చేశాయి. అసలువని కొన్న నకిలీలు నా పెట్టెలోనే ఉన్నాయి. కాబట్టి అసలా నకిలీయా అన్న సంగతిలో ఆ కంపెనీల మాట నమ్ముతాను. గ్రేడు సంగతి వేరు. ఇదే మేనల్లుడు ఒకే అణాని రెండుసార్లు పంపితే రెండు గ్రేడులు వచ్చాయి. అది చూసేవాళ్ళ ఆ పూట అభిప్రాయం, అంతే.

మాస్టారు తల ఊపారు. కానీ ఆయన అడిగింది ఆ రెండూ కాదు. కంపెనీకి అది ఒక పాత రాణి రూపాయి మాత్రమే. ఇలా కడిగినవి వాళ్ళ బల్లల మీదికి వస్తూనే ఉంటాయి. ఒకటి ఇంకోదాని డబ్బీలోకి వెళ్ళినా చీటీ మీద ఉన్న మాటలు అబద్ధం కావు. మార్చారని నేననను, వాళ్ళకేం అవసరం? మార్చలేదని ఆయనకి చెప్పడానికి మాత్రం నా దగ్గర ఏమీ లేదు.

“చేత్తో పట్టుకుంటే తెలిసిపోతుంది. వేలికి తెలుస్తుంది” అన్నారు మాస్టారు.

“డబ్బీ పగిలితే సీలు పోయినట్టేనండి. ప్రదర్శనకి తీసుకోరు. అత్తయ్య పేరు అక్కడ ఉండదు. ఆలోచించుకోండి మావయ్యా.”

“ఇంకొకళ్ళ రూపాయి ముందు మీ అత్తయ్య పేరు పెట్టమంటావా?”

మేనల్లుడు లేచాడు. కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళాడు. దోమలు మొదలయ్యాయి. మాస్టారు లైటు వేయలేదు. నేను చెప్పులు వేసుకుంటుంటే, “రేపు పొద్దున్న ఒకసారి రండి” అన్నారు.

సోమవారం పొద్దున్న వెళ్ళాను. వరండాలో పేపరు పరిచి ఉంది. దాని మీద కటింగ్ ప్లేయరు, ప్లాస్టిక్ ముక్కలు, చీటీ. మాస్టారు స్నానం చేసి, తడి తలతో కూర్చుని ఉన్నారు. రూపాయి చేతిలో ఉంది. బొటనవేలితో రాస్తున్నారు. ఒక వైపు రాసి, తిప్పి, రెండోవైపు రాశారు.

“తెలిసిందా మాస్టారూ?”

ఆయన తల ఎత్తలేదు.

“నేనెప్పుడూ దీన్ని పట్టుకోలేదు కదండీ. రాత్రంతా వేలికి తెలుస్తుంది, తెలుస్తుంది అనుకున్నాను. తోమింది ఆవిడ. తెలిస్తే ఆవిడ వేలికి తెలియాలి.”

నా చేతికిచ్చారు. నున్నగా, చల్లగా ఉంది. వెండి రూపాయి అని తప్ప నాకూ ఏమీ తెలియలేదు. తిరిగి ఇచ్చేశాను.

లోపలికి వెళ్ళి దాన్ని పటం ముందు పాత చోటులోనే పెట్టారు. ఆవిడ కుంకుమ భరిణె మూత తీసి, వేలు ముంచి, రూపాయి దాకా తీసుకెళ్ళి ఆగిపోయారు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. కాసేపటికి చెయ్యి వెనక్కి తీసుకుని, భరిణె మూత పెట్టేశారు. వేలికి అంటిన కుంకుమని పంచెకి తుడుచుకున్నారు.