వేడి సాంబారుకు మా తాత కాపలా

శ్రీకాకుళం జిల్లాలో ఎక్కడైనా ఒక ప్లాస్టిక్ కవరు రోడ్డు మీద దొర్లుకుంటూ పోతుంటే, గాలికి పోతోందనుకుంటారు తెలియనివాళ్లు. గాలీ లేదు, గీలీ లేదు. వెనకాల ఎక్కడో మా అసిరయ్య తాత వస్తున్నాడని దానికి కబురందింది, అంతే. రేపు భోగాపురంలో కొత్త విమానాశ్రయం తెరిస్తే, విమానమెక్కి దేశం దాటిపోవడానికి మొదట బారులు తీరేవి ఈ కవర్లేనని నేను పందెం కాస్తాను.

మా తాతకున్నది ఒకే ఒక్క పట్టింపు. వేడిది ఏదీ ప్లాస్టిక్‌ను తాకకూడదు. ఆయన తినేదే కాదు, మీరు తినేది కూడా. మీరెవరో ఆయనకు తెలియనక్కర్లేదు. ముప్పై ఏళ్లు ఆమదాలవలసలో రైసుమిల్లు కాటా దగ్గర నిలబడి, మిల్లు హోరును మించి అరవడం అలవాటైన గొంతు అది. మీరు రోడ్డుకు అవతలి పక్కనున్నా సరే, చేతిలో పొగలు కక్కే కవరు కనిపించిందంటే చాలు.

"ఓ బాబూ! ఆ పిలాస్టిక్కుకి సెమట పడతన్నాది. ఆ సెమట నీ సాంబార్లోకే దిగుతాది. సూసుకో మరి!"

సెమట మాట విన్నాక ఆ సాంబారు నోట పెట్టినవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు.

పదో తరగతి సైన్సులో రెండుసార్లు తప్పినదాన్ని కాబట్టి, ఆ చెమట ఏమిటో నాకు తాతే విడమరిచి చెప్పాడు. "పిలాస్టిక్కు ఊరికే అలగ ఉంటాదేటి? గట్టిదనానికో మందు, మెత్తదనానికో మందు కలుపుతారు. సల్లగా ఉన్నంతసేపు అవి బుద్ధిగా కూకుంటాయి. వేడి, నూనె, పులుపు తగిల్నాయా, లేసొచ్చి నీ కంచంలో కూకుంటాయి."

"మరి నువ్వు కూర్చున్న కుర్చీ ప్లాస్టిక్‌దే కదా తాతా?"

"దీన్ని నానేటి తింతన్నానేటి?"

ఇంట్లో ఈ యుద్ధానికి ఎదుటి పక్షం మా గున్నమ్మ నానమ్మ. బిర్యానీ పార్సిలు వచ్చిన డబ్బాలు కడిగి, ఆరబెట్టి, మూతలు సరిచూసి దాచుకోవడం ఆవిడకు ప్రాణం. తాత వాటిని పారేయడు. పారేస్తే రాత్రికి అన్నం ఉండదని తెలుసు. నానమ్మ చూడకుండా వాటిలో మేకులు, మరలు, తెగిన చెప్పుల వార్లు నింపి పెడతాడు. "సల్లటి సరుకు. అభ్యంతరం నేదు" అంటాడు. ఓసారి నానమ్మ అలవాటు కొద్దీ చూడకుండా వేడి వేడి వంకాయ కూర డబ్బాలోకి వంపేసింది. ఆ రోజు మేము మేకులు ఏరుకుని తిన్నాం.

అరసవల్లిలో మా చుట్టాల పెళ్లికి వెళ్తే, నడుముకు తాడుతో కట్టుకుని తెచ్చిన స్టీలు గ్లాసు తీసి ముందు పెట్టుకున్నాడు. రసం ప్లాస్టిక్ బకెట్‌లో వచ్చింది. తాత చెయ్యి అడ్డం పెట్టాడు. వడ్డించే అతను పక్కకు పోబోతే పక్క విస్తరికీ అడ్డం పెట్టాడు. అలా రెండు చేతులూ చాచి మూడు విస్తళ్లు కాపాడాడు. చివరకు పెళ్లికూతురి తండ్రే వంటశాలకు పరుగెత్తి గుండిగలోంచి గరిటెతో తెచ్చి పోశాడు. "పెళ్లికొడుక్కి కూడా ఇన్ని మర్యాదలు సెయ్యనేదు మావా" అని ఆయన చెమట తుడుచుకుంటే, "ఇది మంచి సెమటే, పరవానేదు" అన్నాడు తాత.

మా ఆమదాలవలస స్టేషన్‌లో టీ అమ్మే అతను తనవి కాగితం కప్పులని ధీమాగా ఉండేవాడు. తాత ఒక కప్పు నీళ్లలో నానబెట్టి, గోటితో గీరి, లోపలి నుంచి పాము కుబుసంలాంటి పల్చటి ప్లాస్టిక్ పొర ఒలిచి ప్లాట్‌ఫాం మీద అందరికీ చూపించాడు. ఆ టీ అతను మర్నాటి నుంచి రెండో ప్లాట్‌ఫాంకు మారిపోయాడు.

ఇదంతా రెండు నెలల కిందటి సంగతి. అప్పటికి ఈ జబ్బు ఊరంతా సమంగా పంచుకునేది. మోకాలి నొప్పికని నేను తాతను ఆస్పత్రిలో దింపి వచ్చిన రోజు నుంచి అది ముదిరి ఒకేచోట పాకం పడింది.

ఆ రోజు కడుపుతో ఉన్నవాళ్లను చూసే రోజని నాకు తెలియదు. నేను తిరిగి వెళ్లేసరికి ముప్పైమంది గర్భిణుల మధ్య బెంచీ మీద మా తాత చేతులు కట్టుకుని కూర్చుని, అనూరాధ డాక్టరమ్మ చెప్పే పాఠం వింటున్నాడు. "ప్లాస్టిక్‌లో వేడివి తినడం గురించి మీ తాతగారు మూడు ప్రశ్నలడిగారమ్మా" అందావిడ ఆశ్చర్యంగా. "ఒక్కరోజు తింటే కొంపలు మునగవు. రోజూ తింటేనే, లోపలి హార్మోన్లను తేడా చెయ్యొచ్చంటున్నారు. అందుకే జాగ్రత్త అని చెప్పాను." కొంపలు మునగవన్న ముక్క తాత ఆస్పత్రిలోనే వదిలేశాడు. వరసలో పంచుకుంటూ వచ్చిన ఆశా కార్యకర్త ఆయన చేతిలో కూడా ఐరన్ మాత్రల పొట్లం పెట్టేసింది. మోకాలికనుకుని నెలంతా వాడాడు. తగ్గిందన్నాడు కూడా.

మర్నాడు తెల్లవారి ఆరింటికల్లా తాత తన కుర్చీ భుజాన వేసుకుని వెళ్లి, స్టేషన్ మలుపులో గౌరి ఇడ్లీ బండి పక్కన వేసుకుని కూర్చున్నాడు.

గౌరిది సముద్రం ఒడ్డున ఒక పల్లె. మొగుడు వినోద్ గుజరాత్‌లో చేపల బోటు మీద పనికి వెళ్తే, తనొక్కతే ఈ బండి పెట్టుకుని నెట్టుకొస్తోంది. విశాఖపట్నం డ్యూటీలకు వెళ్లేవాళ్లంతా రైలెక్కే ముందు గౌరి దగ్గర పార్సిలు కట్టించుకోవాల్సిందే. కవరు నోరు ఊది తెరవడం, గరిటెడు సాంబారు పోయడం, దారం చుట్టి తెంపడం, అంతా మీరు చిల్లర తీసేలోగా అయిపోతుంది. అలాంటి చోట మా తాత మొదలుపెట్టాడు.

"సెమట పడతన్నాది బాబూ!"

"తాతా, రైలొచ్చేస్తన్నాది, ఒగ్గేయ్!"

"రైలు రేపూ వొస్తాది. పోయిన ఆరోగ్గెం రేపు వొస్తాదేటి? ఇంట్లో ఆడోళ్లకి మరీ డేంజరు! వేడి కూడు అందులో తినకూడదంట! డాక్టరమ్మ సెప్పినాది!"

మాట బాబుతో, మొహం మాత్రం బండి వైపు. నేను దాన్ని మెల్లకన్ను అనుకున్నాను.

గౌరి మొదటి వారం నవ్వింది. రెండో వారం పళ్లు కొరికింది. నెల దాటేసరికి జనం ఎదురుగా ఉన్న హోటలుకు మళ్లిపోయారు. అక్కడా అవే కవర్లు, కాకపోతే తాత లేడు. గౌరి పిండి గిన్నె సగం మిగిలిపోతూ వచ్చింది. ఒక మధ్యాహ్నం చేతిసంచీతో నేరుగా మా ఇంటికి వచ్చేసింది.

"తాతా, నీకు దణ్ణం. నీకు నానేటి అపకారం సేసినాను? ఇంకో వారం ఇలగే ఉంటే బండి ఎత్తేసి అత్తోరింటికి ఎల్లిపోవడమే. వాలింటికాడ ఎలగుంటాదో నాకే తెల్సు. నీకు ఊర్లో ఇంకో బండి దొరకలేదేటి?"

తాత ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నానమ్మే, "ముందు కూకోయే తల్లీ. ఎండన పడొచ్చినావు, కాసింత తిను" అంది.

"నా కూడు నాను తెచ్చుకున్నాను" అని గౌరి రోషంగా సంచీలోంచి డబ్బా తీసింది. బిర్యానీ డబ్బా. బండి దగ్గరే వండుకుని, పొయ్యి మీది అన్నమూ చేపల పులుసూ అలాగే పోసేసుకుందేమో, ఆవిరికి మూత ఉబ్బిపోయి ఉంది.

తాత చటుక్కున లేచాడు. లోపలికి వెళ్లి స్టీలు గిన్నె తెచ్చి గౌరి ముందు పెట్టాడు. పెట్టి, గోడ మీది క్యాలెండరు వైపు తిరిగి నిలబడ్డాడు.

"గుంటా," అన్నాడు నాతో, "ఆయమ్మకి సెప్పు. ఇందులో వొంపుకుని తినమను."

ఆయమ్మ రెండడుగుల దూరంలోనే ఉంది. నానమ్మ తాత వీపు వైపు చూసింది, గిన్నె వైపు చూసింది, తర్వాత గౌరిని పైనుంచి కిందకి చూసింది.

"ఎన్నో నెల్లే?"

గౌరి బిత్తరపోయింది. "అయిదు, అమ్మమ్మా. ఎవులికీ సెప్పనేదు. నీకెలగ తెల్సిపోనాది?"

"నాకిప్పుడే తెల్సినాది. ఈయనకెలగ తెల్సో అడుగు. ఏటయ్యా?"

తాత క్యాలెండరులో ఆ నెల తిథులన్నీ అయిపోయేదాకా చదివి, అప్పుడు చెప్పాడు. ఆ రోజు ఆస్పత్రిలో గౌరి ముందు బెంచీలో ఉందట. మాత్రలు తీసుకుని, పప్పు నానబెట్టాలని, డాక్టరమ్మ పాఠం మొదలు కాకముందే వెళ్లిపోయిందట. "మరి వినాల్సినోలు ఎవురో ఒకరు వినాల కదా" అన్నాడు.

అదీ సంగతి. వినడం విన్నాడు, మూడు ప్రశ్నలూ అడిగాడు. కానీ ఆడపిల్ల కడుపు సంగతి మగవాడు ఎత్తడం ఆయన పుట్టి పెరిగిన ఇళ్లల్లో లేదు. చివరికి నానమ్మ చెవిన వెయ్యడానికీ నోరు రాలేదు. అందుకని ఊరందరికీ చెప్పాడు. రైలెక్కేవాళ్లకూ, దిగేవాళ్లకూ, ఆటోవాళ్లకూ, పక్కనే సాంబారు పోస్తున్న ఒక్క మనిషి చెవిన పడుతుందని.

"నాకేనా తాతా!" గౌరి నోరు తెరిచేసింది. "నా బండి మీద కోపమనుకుని నాను తిట్టుకుంతన్నాను. ఓలమ్మ, ఎన్ని తిట్లు తిట్టేసినానో!" అంటూనే పులుసు గిన్నెలోకి వొంపుకుంది.

"సెప్పడం అయిపోనాది కదా," అంది నానమ్మ తాతతో. "సెడగొట్టిన బండి ఎవరు బాగుసేస్తారు?"

తాత నిచ్చెన వేసుకుని అటక ఎక్కాడు. నానమ్మ యాభై ఏళ్ల కాపురంలో చదివింపులుగా వచ్చిన స్టీలు గిన్నెలూ, డబ్బాలూ, కేరేజీలూ ఒక్కొక్కటే కిందకు దించాడు. "నా సామానయ్యా!" అని నానమ్మ గగ్గోలు పెట్టింది. "బాగు సెయ్యమన్నది నువ్వే" అన్నాడు తాత పైనుంచి. పొద్దున ఆ గిన్నెల్లో కట్టించుకోవడం, సాయంత్రం రైలు దిగి తిరిగి ఇచ్చెయ్యడం. గౌరి బండికి అదే కొత్త పద్ధతి.

మూడో రోజే గొడవైంది. మా వీధి లక్ష్మణమ్మ ఎదురింటి హేమ వంటింట్లో తన పేరు చెక్కి ఉన్న గిన్నె చూసి, "నా గిన్నె నీ ఇంటికెలగ నడిసొచ్చినాదే?" అని వీధెక్కింది. "మీ గిన్నె నాకేటికి? ఇడ్లీ బండికాడ ఇచ్చినారు!" అంది హేమ. ఇద్దరూ గిన్నెతో సహా బండి దగ్గరకు వచ్చారు.

తాత గిన్నె తిప్పి చూశాడు. "నీదే లక్ష్మణమ్మా. మా పెద్దోడి పెళ్లికి నువ్వే సదివించినావు. ఏటో, కాగితంలా ఇంత పల్సగా ఉన్నాది. సాంబారు పోస్తే సెయ్యి కాలిపోతన్నాదంట."

ఆ మాట ఊళ్లో పాకింది. ఎవరు ఎంత పల్చటి గిన్నె చదివించారో రోజూ రైల్లో వందమంది తిప్పి చూస్తున్నారని తెలిశాక ఎవరికి నిద్ర పడుతుంది? లక్ష్మణమ్మ రెండు చేతులతో ఎత్తాల్సినంత మందపాటి కేరేజీ తెచ్చి, "పాతది ఇచ్చేయ్, ఇది పెట్టు" అంది. వెనకాలే ఇంకో పదిమంది. పోయిన గిరాకీ తిరిగొచ్చింది. తాత కుర్చీ మాత్రం కదల్లేదు. సాయంత్రం రైలు దిగేవాళ్ల దగ్గర గిన్నెలు పుచ్చుకుని, జీవితంలో తన కంచం తను కడుక్కోని మనిషి, పీచు పట్టి తోముతున్నాడు.

నిన్న నేను అక్కడే కూర్చుని, "తాతా, నీ గురించి రాశాను. అచ్చుకు పంపిస్తున్నాను" అన్నాను.

తోమే చెయ్యి ఆగింది. "ఏటి రాసినావు?"

"అంతా రాశాను. డాక్టరమ్మ, గౌరి, అయిదో నెల..."

తాత అటూ ఇటూ చూసి, మొట్టమొదటిసారి గొంతు తగ్గించాడు.

"సిగ్గు నేదేటే గుంటా! అలాటి సంగతి ఊరందరికీ సెప్పుకుంతారేటి?"