నిలబెడితే కారిపోతుందట!

ఆ రోజుల్లో అని మొదలుపెట్టాలంటే కనీసం తల కొంచెమైనా నెరవాలి. నాది ఇంకా నెరవలేదు (చెవుల పక్కన ఉన్నవాటిని నేను లెక్కలోకి తీసుకోను). అయితే హైటెక్ సిటీలో కాలం మిగతా చోట్ల కంటే తొందరగా పాతబడుతుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో రోజూ టీ తాగిన బండి ఉన్న చోట ఇప్పుడు అద్దాల మేడ ఉంది. ఆ మేడలో టీ తాగాలంటే మెడలో కార్డు ఉండాలి. కాబట్టి ఆ రోజుల్లో అనే హక్కు నాకూ వచ్చిందనే అనుకుంటాను. ఆ రోజుల్లో నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఇంకొకరు కష్టపడి రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతికి, ఏదీ రుజువు చూపించండి అని సాయంత్రం దాకా వాళ్ల ప్రాణం తియ్యడం నా వృత్తి. ఆఫీసులో దేవుడు దిగివచ్చి చెప్పినా నమ్మేవాణ్ని కాదు. అదేం విచిత్రమో, ఇంటికొచ్చి ఫోన్ తెరిస్తే మాత్రం ఎవరు ఏం పంపినా నమ్మేసేవాణ్ని.

ప్రగతి నగర్‌లో చెరువు కనపడే ఇల్లు అని చెప్పి ఇచ్చిన ఇంట్లో (బాత్రూములో స్టూలు వేసుకుని ఎక్కితే నిజంగానే కనపడేది) ముగ్గురం ఉండేవాళ్లం. మా ఆఫీసుల్లో మనుషులకు పేర్లు ఉండేవి కావు, ఊళ్లే పేర్లు. నేను ప్రొద్దుటూరు. మాలో పెద్దవాడు సిద్దిపేట అన్న, పడిపోయిన సర్వర్లను లేపడం ఆయన ఉద్యోగం. అందువల్ల ఏ విషయానికైనా ముందు చెడే ఊహించేవాడు. మూడోవాడు కాకినాడ, నిద్రలో పలవరించినా అండీ చేర్చి పలవరించేవాడు, ఏ కష్టం వచ్చినా ముందు తినడానికి ఏముందో చూసుకునేవాడు. ఒక ఏడాది ముగ్గురికీ ఒకేసారి బోనస్ వస్తే కలిసి ఒక వీడియో గేమ్ కన్సోల్ కొన్నాం. తెల్లగా, నాజూగ్గా, మా ఇంట్లో అన్నిటికంటే శుభ్రంగా ఉండేది. మా టీవీ బల్ల చిన్నది కావడంతో దాన్ని టీవీ పక్కన నిలువుగా నిలబెట్టాం. వచ్చినవాళ్లందరికీ చూపించేవాళ్లం.

ఇక అసలు సంగతి. మా ఆఫీసులో ఇంకో టీములో ఒక కరీంనగర్ అమ్మాయి ఉండేది. క్యాంటీన్ వరసలో ఒకసారి నా ముందు నిలబడి, పక్కనున్న స్నేహితురాలితో, "కార్ల రేసుల నన్ను మా తమ్ముడు కూడ గెల్వలే" అంది. వెనక నుంచి నేను, ఎవరూ అడక్కుండానే, మా ఇంట్లో కన్సోల్ ఉందని చెప్పాను. ఆమె వెనక్కి తిరిగి, "అయితే నువ్వన్న గెలుస్తవా?" అంది. ఆ ఒక్క మాట పట్టుకుని నేను చాలా రోజులు బతికాను. రోజూ క్యాంటీనుకు వెళ్లడం, ఇవాళ పిలవాలి అనుకోవడం, పప్పు బాగుందా అని అడిగి వచ్చేయడం. చివరికి ఒక రోజు పప్పు అయిపోయింది కాబట్టి ఆదివారం రమ్మని పిలిచేశాను. స్నేహితురాలిని వెంటబెట్టుకుని మూసాపేట నుంచి వస్తానంది. ఇంటికొచ్చి కర్టెన్లు ఉతికాను. మా ఇంట్లో కర్టెన్లు ఉతకొచ్చని మిగతా ఇద్దరికీ అప్పుడే తెలిసింది.

సరిగ్గా ఆ వారంలోనే ఫోన్లో ఆ వీడియో వచ్చింది. టోపీ పెట్టుకున్న ఒకాయన చాలా బాధగా చెబుతున్నాడు. ఈ కన్సోల్ లోపల చిప్పు వేడెక్కకుండా ద్రవలోహం పోస్తారట. డబ్బాను నిలబెడితే ఆ లోహం కిందికి జారి, కారి, లోపలంతా కాలిపోతుందట. నిలబెట్టినవాళ్లందరి డబ్బాలూ ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయట, కంపెనీ ఈ సంగతి దాస్తోందట. ఆ 'ట'లన్నీ నాకు ఇప్పుడు కనపడుతున్నాయి గానీ అప్పుడు ఒక్కటీ కనపడలేదు. మా ముగ్గురి కళ్లూ ఒకేసారి టీవీ పక్కకి తిరిగాయి. అది అమాయకంగా నిలబడి ఉంది.

"కొన్న దినం సంది నిలవెట్టే ఉంచినం గదా!" అన్నాడు సిద్దిపేట అన్న, తల పట్టుకుని. "జర నిమ్మళంగ పట్టుండ్రి. పండవెట్టాలె. కారింది మళ్ల ఎన్కకు పోవాలంటె టైం పడ్తది. అప్పటిదాంక ఎవ్వలు ఆన్ చెయ్యద్దు."

"నా మంచం మీద పడుకోబెడదామండి," అన్నాడు కాకినాడ. "ఫ్యాన్ గాలి బాగా తగుల్తాదండి."

ముగ్గురం ఆపరేషన్ అయిన మనిషిని మోసినట్టు మోసి దాన్ని మంచం మీద పడుకోబెట్టాం. కింద దుప్పటి మడత, రెండు పక్కలా దిండ్లు. సిద్దిపేట అన్న వెంటనే ఆఫీసు పద్ధతి అమల్లో పెట్టాడు. ఎవరెవరు ఎప్పుడెప్పుడు దగ్గర కూర్చోవాలో షిఫ్టులు వేశాడు. షిఫ్టు మారేటప్పుడు వచ్చేవాడికి వెళ్లేవాడు పరిస్థితి అప్పజెప్పాలి. గంటకోసారి టిష్యూ కాగితం అడుగున పెట్టి తీసి, తడి ఉందో లేదో చూడాలి. "ఇంకొక ముచ్చట. గిది బయట ఎవ్వలకు చెప్పద్దు. నిలవెట్టిన్రని తెలిస్తె వారంటీ ఇయ్యరు," అన్నాడు. ముగ్గురు ఇంజనీర్లం బుద్ధిగా తలలూపాం. అన్నట్టు ఆ కన్సోల్ వచ్చిన అట్టపెట్టె మా ఇంట్లోనే ఉంది. దానిమీద ఇస్త్రీ బట్టలు పెట్టుకునేవాళ్లం.

అయితే నా ఆదివారం ఏం కావాలి? డబ్బాకి జబ్బు చేసిందని చెప్పకూడదు, చెప్పకుండా రావద్దనాలి. ఎన్నిసార్లు రాసినా కుదరక, చివరికి చేతికి అలవాటైన ఆఫీసు నోటీసు భాష వచ్చేసింది. "కొన్ని అనివార్య కారణాల వల్ల ఆదివారం కార్యక్రమం వాయిదా పడినది. అసౌకర్యానికి చింతిస్తున్నాము." ఇది నేను, ఇష్టపడిన అమ్మాయికి పంపిన మొట్టమొదటి సందేశం. ఆమె నుంచి జవాబు వచ్చింది. "సరే." కాకినాడ నా ఫోన్ లాక్కుని దాన్ని చాలాసేపు చూశాడు. "సరే పక్కన చుక్క పెట్టారండి. మామూలుగా ఆవిడ చుక్కలు పెడతారాండి?" పెట్టదు. ఆఫీసు గ్రూపులో ఆమె రాసినవాటిలో ఎప్పుడూ చూడలేదు. ఆ ఒక్క చుక్క నన్ను రెండు రోజులు అన్నం తిననివ్వలేదు. మర్నాడు క్యాంటీనులో ఆమె నన్ను చూసి, ప్లేటు పట్టుకుని అవతలి వరసలోకి వెళ్లిపోయింది. ఏడుపొచ్చింది, నిజంగానే. కన్సోల్ పోతే పోయింది, ఇంకోటి ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. ఆ అమ్మాయి మళ్లీ వెనక్కి తిరిగి నాతో మాట్లాడకపోతే నేను ఏం చేస్తాను?

శనివారం పొద్దున షిఫ్టు దిగుతున్న కాకినాడ పెట్టిన కేకకు నేను పళ్లు తోముకుంటున్నవాణ్ని నురగతో సహా పరుగెత్తాను. "కారిపోయిందండి బాబోయ్! వెండిలా ఉందండి!" డబ్బా అంచు కింద దుప్పటి మీద, తళతళమని, నిజంగానే వెండి మెరుపు. ముట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. సిద్దిపేట అన్న మంచానికి దణ్ణం పెట్టినట్టు నిలబడి, "అయిపాయె," అన్నాడు. ఆ కంగారులో కాకినాడ దాన్ని ఫోటో తీసి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో, ఇదేంటో ఎవరికైనా తెలుసాండి, కన్సోల్ నుంచి కారింది అని పెట్టేశాడు. వారంటీ సంగతి అప్పుడు గుర్తొచ్చి తీసేశాడు గానీ, ఈ ఊళ్లో ఫోటో తీసేయడం అంటే అందరికీ అందాక తలుపు వేసుకోవడమే.

ముందు అసోసియేషన్ ప్రెసిడెంటు గారు బకెట్ నిండా ఇసక పట్టుకుని వచ్చారు. "కారింది చెరువులోకి పోదు గదా?" అని అడిగి, ఇసక గుమ్మంలో పెట్టి, దూరంగా నిలబడి చూసి వెళ్లిపోయారు. మధ్యాహ్నానికి కబురు ఆఫీసుల గ్రూపుల్లోకి పాకింది. అప్పటికి కారడం పేలడం అయింది. ఆ తర్వాత ఒకరికి కాలింది, ఇంకాసేపటికి ముగ్గురికీ కాలింది. పొద్దున మా ఇంట్లో పుట్టిన కబురే సాయంత్రానికి మళ్లీ నా ఫోనులోకి వస్తే, అయ్యో పాపం ఎవరో అనుకుని ఇంకో ఇద్దరికి పంపాను కూడా. ప్రగతి నగర్ అని చదివాక గానీ అది మేమేనని తెలియలేదు. ఇంతలో ప్రొద్దుటూరు నుంచి మా అమ్మ.

"ఏం నాయనా, మీ ఇంట్లో ఏందో కరిగి పేలిందంట? చేతులు బాగుండాయా?"

"బాగుండాయమ్మా."

"కాళ్లు?"

"అవీ ఉండాయి."

"పక్కింటోళ్ల పిల్లోడు శేరిలింగంపల్లి నుంచి ఫోన్ చేసి చెప్పినాడంట, మిమ్మల్ని ముగ్గుర్నీ ఆస్పత్రికి ఎత్తుకపోయినారని."

"నేను ఇంట్లోనే ఉండానమ్మా. ఏమీ కాలేదు."

"ఆస్పత్రిలో ఉన్నా నువ్వు ఇట్లనే చెప్తావు."

ఆమె తర్వాత పెద్దమ్మ, చిన్నాన్న, ఇద్దరు మేనత్తలు. అందరికీ నా కాళ్లూ చేతులూ అప్పజెప్పలేక ఫోన్ ఆఫ్ చేసి పారేశాను.

ఆదివారం మధ్యాహ్నం బెల్లు మోగితే, మళ్లీ ఇసకేమో అనుకుంటూ తలుపు తీశాను. గుమ్మంలో కరీంనగర్ అమ్మాయి. వెనక స్నేహితురాలు. చేతిలో దానిమ్మపళ్ల సంచి. ఆటోలో వచ్చిన గాలికి జుట్టంతా చెదిరిపోయి, ముఖం పాలిపోయి ఉంది. నన్ను తల నుంచి కాళ్ల దాకా ఒకసారి చూసింది.

"నువ్వు మంచిగనే ఉన్నవ్ గదా!" అంది. సంతోషమో కోపమో తెలియలేదు. "ఫోన్ బందు వెట్టుకుంటివి. ఏ దవాఖానల ఉన్నరో చెప్పేటోళ్లు లేరు. ఎంత పరేషాన్ అయినమో తెల్సా?"

పక్కకు జరిగి మంచం వైపు చెయ్యి చూపించాను. ఆమె వచ్చి చూసింది. దుప్పటి, దిండ్లు, తిరుగుతున్న ఫ్యాను, పక్కన కుర్చీలో షిఫ్టులో ఉన్న సిద్దిపేట అన్న. "గిదేంది, బాలింతను పండవెట్టినట్టు గిట్ల పండవెట్టిన్రు?" అని అడిగితే అన్న జరిగిందంతా చెప్పాడు. వెండి మరక చూపించి, "ముట్టకు, ప్రమాదం," అన్నాడు. ఆమె అప్పటికే వేలితో తీసేసింది. వెలుగులో పెట్టి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, "జీడిపప్పు బర్ఫీ మీద ఉండే వెండి రేకు గిది," అంది.

అందరం కాకినాడ వైపు చూశాం. కాకినాడ నేల వైపు చూశాడు. "షిఫ్టులో ఖాళీగా కూర్చోలేక రెండు ముక్కలు తిన్నానండి," అన్నాడు. "దుఃఖంలో తిన్నానండి."

స్నేహితురాలు గోడకు ఆనుకుని పగలబడి నవ్వింది. కరీంనగర్ అమ్మాయి మాత్రం నవ్వు ఆపుకుంటూ, ఇస్త్రీ బట్టలు దించి అట్టపెట్టె తెచ్చి మా ముందు పెట్టింది. పెట్టె మీద ఇంత పెద్ద బొమ్మ. అందులో కన్సోల్ నిటారుగా నిలబడి ఉంది. "నిలవెడ్తె ఏంగాదు. మూత ఇప్పి కెలికిన డబ్బాలకు ఏమన్న అయితదేమో. మీరు ఇప్పిన్రా?" అని అడిగింది. మా ఇంట్లో స్క్రూడ్రైవరే లేదు. ఆమె దాన్ని రెండు చేతులతో ఎత్తి, తీసుకెళ్లి టీవీ పక్కన నిలబెట్టేసింది. ముగ్గురం ఒకేసారి అరుస్తూ పట్టుకోబోయి ఒకరినొకరం గుద్దుకున్నాం. ఆమె వైరు తగిలించి మీట నొక్కేసరికి చిన్న దీపం వెలిగింది, టీవీ మీద కార్లు బారులు తీరాయి. సిద్దిపేట అన్న, "నేను ముందుగాలనే అనుకున్న," అన్నాడు.

మొదటి రేసులో ఆమె ఎప్పుడు గెలిచిందో నాకు తెలియనే లేదు, నేనింకా సగం దారిలో ఉన్నాను. రెండోది మొదలవబోతుండగా, తెర మీంచి కళ్లు తిప్పకుండా చిన్న గొంతుతో అడిగింది. "వాయిదా అని మెసేజ్ వెడ్తివి. నేను వచ్చుడు నీకు ఇష్టం లేదనుకున్న."

"అన్న చెప్పొద్దన్నాడు, వారంటీ..."

"అన్న ముచ్చట ఇడిసిపెట్టు. నీకు ఇష్టం ఉండెనా, లేకుండెనా?"

రుజువులు అడగడం తప్ప ఇవ్వడం నాకు ఎవరూ నేర్పలేదు. "నువ్వు రాకుంటే, ఆ డబ్బా బతికినా సచ్చినా నాకు ఒగటే అనిపించింది," అన్నాను. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "రేసు షురూ అయింది, ముందల చూడు," అంది. చూసేసరికి నా కారు గోడకు గుద్దుకుని ఉంది.

ఆ సాయంత్రమంతా నేను ఓడిపోతూనే ఉన్నాను. ఆటకూ ఆటకూ మధ్య దానిమ్మ ఒలిచి గిన్నెలో పెడితే, ఆమె చూడకుండానే చెయ్యి చాపి గింజలు తీసుకునేది. పెళ్లయి ఇన్నాళ్లయింది, ఇప్పటికీ కొన్ని ఆదివారాలు ఇద్దరం కూర్చుని అవే కార్లు నడుపుతాం. ఆమెకు ఆఫీసు పని ఎక్కువై చెయ్యి కాస్త నెమ్మదించింది, నాకు కొంచెం ఆట వచ్చింది. ఈ మధ్య అప్పుడప్పుడూ నేనే గెలుస్తున్నాను. బాగానే ఉంటుంది, కాదనను. కానీ గోడకు గుద్దుకున్న కారును వెనక్కి తియ్యడం కూడా మర్చిపోయి, ఎర్రబడిన ఆ చెవుల వంక చూస్తూ కూర్చున్న ఆ కుర్రవాడు ఓడిపోయినంత హాయిగా మాత్రం నేను ఎప్పుడూ గెలవలేదు.