బోణీకి ముందు ఫోను

పోయిన వారం బళ్ళారి సత్యనారాయణపేటలోని మా ఇంటికి కొత్త ల్యాండ్‌లైను ఫోను వచ్చింది. అట్టపెట్టె విప్పగానే ఎండలో ఆరేసిన రెయిన్‌కోటు లాంటి ప్లాస్టిక్కు వాసన గదంతా పరుచుకుంది. మెడలో కార్డు వేసుకున్న కంపెనీ మనిషి, నెలకు ఒకే ధర, అందులోనే ఇంటర్నెట్టు, టీవీ, దేశంలో ఎక్కడికైనా ఎంతసేపైనా మాటలు అని వేళ్ళు మడుస్తూ చెబుతుంటే, నేను అలవాటు కొద్దీ ముఖం ముడుచుకుని, పక్క వీధిలో ఇంకొకరు ఇంతకన్నా తక్కువకు ఇస్తున్నారని అబద్ధమాడి, తీగ లాగిన కూలి మాఫీ చేయించి, రెండు నెలలు ఉచితమని రాయించుకుని, ఆ రాసిన పెన్ను కూడా నా దగ్గరే ఉంచేసుకున్నాను. ఇంత గెలిచినా అమ్మ మాత్రం ఫోను పెట్టిన బల్ల పక్కనుంచి తన కుర్చీని అవతలి గోడ దగ్గరికి జరుపుకుంది. ఎందుకని నేను అడగలేదు. ఫోను మాటల ధర మీద నేను మొదటిసారి బేరమాడింది పదేళ్ళ వయసులో; ఆ బేరంలో నష్టపోయింది ఆమె.

మా నాయనకు బళ్ళారి బజారులో పచారీ అంగడి ఉండేది. మిరపకాయ బస్తాలు దించిన రోజు వీధి వీధంతా తుమ్మేది. శ్రావణంలో ఓళిగల కోసం, అంటే బొబ్బట్ల కోసం, జనం ఎగబడే బెల్లం దిమ్మెల మీద కందిరీగలు దర్జాగా తిరిగేవి. పొద్దున్నే ఎవరో తెచ్చిన బొరుగుల ఉగ్గాని పొట్లం విప్పితే, మిరపకాయ బజ్జీ నూనె అంటిన కాగితంలోంచి అవతలి వైపు అచ్చు తేలి కనిపించేది. నేనూ పక్క అంగళ్ళ పిల్లలూ ఆ మెట్ల మీదే గచ్చకాయలాడుకుంటూ, చదువుకంటే ముందు తూకం నేర్చుకున్నాం. కానీ ఆ మెట్లెక్కడానికి బోణీ కావాలి. నాయన గడప ముందు నీళ్ళు చల్లి, ఊదుబత్తి వెలిగించి, మొదటి కొనుగోలుదారు ఇచ్చిన పైసలు కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వేసేదాకా ఎవరూ తుమ్మకూడదు, అప్పు అడగకూడదు, చెడ్డ మాట ఎత్తకూడదు. సరుకు అయిపోతే లేదు అనే మాటే లేదు. "నిండుగా ఉండాది, రేపు రాప్పా" అనాలి. ఇంటి నుంచి ఎవరైనా ఏడుస్తూ వచ్చినా వీధి మలుపులో నిలబడి, బోణీ అయినాక వచ్చి ఏడవాల్సిందే. అది మాకు వింతగా అనిపించేది కాదు. చెప్పులు బయట విడవడం ఎంత సహజమో అదీ అంతే.

మా ఇంటికి మొదటి ఫోను వచ్చింది ఆ రోజుల్లోనే. నల్లటి బరువైన ఫోను, దాని రిసీవరులో ఎప్పుడూ కొబ్బరినూనె వాసన. అమ్మ పుట్టిల్లు, అంటే మా అవ్వ ఉండే ఊరు, ఆంధ్రా సరిహద్దు అవతల, బస్సులో రెండు గంటల దూరంలో ఉండేది. ఆ ఊళ్ళో రెడ్డిగారింట్లో ఒకే ఒక్క ఫోను. దూరం చిన్నదే అయినా రాష్ట్రం మారేసరికి బయటి ఊరి ధర పడేది. అమ్మ "మా అమ్మ ఎట్లుండాది" అని అడిగి జవాబు వినేలోపే నాయన గడియారం వైపు చూసేవాడు. అప్పుడెవరో సూరప్ప సంగతి చెప్పారు. సూరప్ప అంగడి సరిగ్గా సరిహద్దు ఊళ్ళో. అంగడి ఇటు, దాని వెనకే అంటుకుని ఉన్న ఇల్లు అటు. అందుకని బళ్ళారి వైపు నుంచి ఒక లైను, ఆంధ్రా వైపు నుంచి ఒక లైను తీసుకుని, రెండు ఫోన్లూ ఒకే బల్ల మీద పెట్టుకున్నాడు. మనం ఇక్కడి ధరకు అతడికి ఫోను చేస్తే, అతడు అక్కడి ధరకు అవ్వ ఊరికి చేసి, రెండు రిసీవర్లనూ తలకిందులుగా చేర్చి, ఒకదాని చెవి ఇంకొకదాని నోటికి ఆనేటట్టు సైకిలు ట్యూబు ముక్కతో కట్టేవాడు. దీన్ని జత కట్టడం అనేవాళ్ళు. బావిలోంచి వచ్చినట్టు వినిపించినా అవ్వ గొంతు అవ్వ గొంతే. దానికి సూరప్పకు నెలకింత అని ఇవ్వాలి.

నెలకు ఎంతో మాట్లాడుకోవడానికి నాయన నన్నూ వెంట తీసుకెళ్ళాడు. సూరప్ప చెప్పిన ధర విని నాయన ఒప్పుకోబోతుంటే నేను మధ్యలో దూరాను.

"జత కడితే మీ రెండు లైన్లూ ఆగిపోతాయి గదన్నా. ఊరికే వాళ్ళు చెప్పింది నువ్వు విని మాకు చెప్తే?"

"చెప్తే సగమే తీసుకుంటా పాపా."

"పొద్దున్నే, బేరాలు మొదలు కాకముందు చేస్తే? అప్పుడు నీ ఫోన్లు ఖాళీనే గదా."

సూరప్ప నాయన వైపు తిరిగి నవ్వాడు. "ఏందప్పా ఇది, బిడ్డనా, దలాలీనా? సరే, ఆయ్తు. సగంలో సగం. ఇంక నోరు మూసుకోమను, లేకుంటే నేనే ఎదురియ్యాల్సొస్తాది."

వారానికి రెండు రోజులు, పొద్దున ఎనిమిదికి, బోణీకి ముందు. అవ్వ ఊరి నుంచి మామ, అంటే అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు, తెల్లవారగానే సూరప్పకు సంగతులు చెప్పేవాడు; ఎనిమిదికి అమ్మ ఫోను చేస్తే సూరప్ప వాటిని అప్పజెప్పేవాడు. నాయన నెల రోజులు ఈ బేరాన్ని బజారంతా చెప్పుకున్నాడు. నేను పక్కనే నిలబడి, ఏమీ పట్టనట్టు ముఖం పెట్టి, ప్రతి మాటా విన్నాను.

ఇప్పుడు తలుచుకుంటే ఆ ఏడాదంతా సూరప్పది ఒకే వాక్యం వినిపిస్తుంది. "అంతా బాగుండారక్కా." మామ ఎద్దు చచ్చిన రోజు పొద్దున అదే మాట; పదకొండింటికి సూరప్పే మళ్ళీ ఫోను చేసి ఎద్దు సంగతి చెప్పాడు. పశువుల కొట్టం కూలిన రోజూ అంతే. అమ్మ ఒకసారి చాటలో బియ్యం ఏరుతూ, "పొద్దున బాగుండేది మద్యాన్నానికి ఎట్ల చెడిపోతాంది వీళ్ళకి?" అంది. మేమంతా నవ్వాం. నాయనా నవ్వాడు, నేను అందరికంటే గట్టిగా నవ్వాను. బోణీ కాకముందు నోట చెడ్డ మాట రానివ్వని మనిషి దగ్గర, బోణీకి ముందు కబుర్లు కొంటున్నామని, అంగట్లో పుట్టి అంగట్లో పెరిగిన మాలో ఒక్కరికీ తట్టలేదు. తక్కువకు దొరికిన సరుకును మేము తిరగేసి చూడలేదు.

పంట చివరి వానలు పడే రోజులు. అవ్వకు మూడు రోజులుగా జ్వరమని కబురొచ్చింది. ఆ పొద్దున అమ్మ రెండు చీరలు సంచిలో సర్ది, సంచి గుమ్మం దగ్గర పెట్టుకుని ఫోను చేసింది. కబురు చెడ్డదైతే తొమ్మిది గంటల బస్సెక్కాలని. నేను మూడు నిమిషాలు దాటకుండా గడియారం పట్టుకుని పక్కనే కూర్చున్నాను. బయట సన్నటి తుంపర. సూరప్ప గొంతు నాకు కూడా వినిపించింది. మొదట గల్లాపెట్టె మూత తెరిచి మూసిన చప్పుడు. తర్వాత, "అంతా బాగుండారక్కా."

"జ్వరం తగ్గిందా?"

"బాగుండారక్కా. మళ్ళ నేనే చేస్తా."

అమ్మ రిసీవరు పెట్టి, సంచి విప్పి చీరలు మళ్ళీ దండెం మీద వేసింది. నేను రెండు నిమిషాల్లోనే అయిపోయిందని సంతోషించాను.

ఒంటిగంటకు ఫోను మోగింది. అవ్వకు నిన్న సాయంత్రం నుంచే మాట పడిపోయిందనీ, అక్కను వెంటనే రమ్మని మామ తెల్లవారకముందే చెప్పాడనీ సూరప్ప ఒక్క గుక్కలో చెప్పాడు. అమ్మ ఈసారి సంచి లేకుండానే బయలుదేరింది. తుంపర అప్పటికి పెద్ద వానయింది. తొమ్మిది గంటల బస్సు దాటిపోయిన వంక వాగులా పొంగి మధ్యాహ్నం బస్సుకు దారి ఇవ్వలేదు. నీళ్ళు తగ్గేదాకా అమ్మ ఈ ఒడ్డున బస్సులోనే కూర్చుంది. మర్నాడు ఆమె చేరేసరికి అవ్వను కాటికి తీసుకెళ్ళిపోయారు.

పదకొండో రోజు సూరప్ప మా ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. గడప అవతలే నిలబడ్డాడు.

"బోణీ కాలేదక్కా. తుంపరకి ఒక్క పురుగు రాలే. ఇప్పుడైతాది, ఇప్పుడైతాది అని కూర్చున్యా. మద్యాన్నం ఒకామె వచ్చి అగ్గిపెట్టె కొన్యాది. ఆయమ్మ పైసలు గల్లాలో పడినాయో లేదో ఫోను ఎత్తినా."

"ఆ అగ్గిపెట్టె నేను కొనుందును గదప్పా," అంది అమ్మ. "ఒక్క మాట అడిగుంటే, ఈడ్నుంచే కొనుందును."

ఆమె గొంతు పెంచలేదు. సూరప్ప కండువాతో నోరు మూసుకుని మెట్లు దిగిపోయాడు. నాయన నా వైపు చూడలేదు. ఆ తర్వాత ఎప్పుడూ, ఎవరి ముందూ, నా బేరం గురించి ఎత్తలేదు. నన్ను ఎవరైనా ఒక మాట అని ఉంటే తేలిగ్గా ఉండేది.

అప్పటి నుంచి అమ్మ ఫోనులో ఎవరినీ బాగున్నారా అని అడగదు. పొయ్యి మీద ఏముందని అడుగుతుంది. చావు జరిగిన ఇంట్లో శవం కదిలేదాకా పొయ్యి వెలగదు. ప్రాణం మీదికి వచ్చిన ఇంట్లోనూ వంట సంగతి ఎవరికీ గుర్తుండదు. కూర పేరు చెబితే ఆమెకు చాలు. పేరుతో పాటు ఉప్పెక్కువైందనో, ఇంకా ఉడకలేదనో ఒక ఫిర్యాదు కూడా ఉంటే ఇంకా నమ్మకం.

ఈ పొద్దున కొత్త ఫోనుకు మొదటి కాల్ వచ్చింది. మామ కూతురు. ఊరికే చేశానత్తా, అంతా బాగున్నాం అంది.

"పొయ్యి మీద ఏముందే?" అంది అమ్మ.

"ఇంకా... ఏం పెట్టలేదత్తా."

అప్పటికి పదకొండున్నర. అమ్మ రిసీవరు నా చేతికిచ్చి చెప్పులు వేసుకుంది. వీధి చివర కారు మాట్లాడాను. బాడుగ ఎంతని అడగడం మరిచిపోయానని సగం దారిలో గుర్తొచ్చింది. సరిహద్దు ఊరు ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు దాటామో తెలియలేదు. సూరప్ప అంగడి ఉన్న చోటు రోడ్డు వెడల్పులో కలిసిపోయింది. వంక మీద వంతెన పడింది. ఏ రాష్ట్రానికైనా మాట ధర ఒకటే. రెండు ఊళ్ళను సైకిలు ట్యూబుతో కట్టే మనిషి ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు.

ఇది మామ ఇంటి వసారాలో కూర్చుని రాస్తున్నాను. రెండు రోజులుగా అతడికి ఊపిరి అందడం లేదట. అత్తను కంగారు పెట్టొద్దని పిల్లలకు ఒట్టు పెట్టాడట. డాక్టరు వచ్చి వెళ్ళాడు, తల ఆడించాడే తప్ప తేల్చి ఏమీ చెప్పలేదు. అమ్మను చూసి మామ కళ్ళు తెరిచాడు, అక్కా అని పిలిచాడు కూడా. ఆమె అతడి చెయ్యి కాసేపు పట్టుకుని, లేచి, ఎవరినీ అడగకుండా వంటింట్లోకి వెళ్ళింది.

ఇప్పుడే బళ్ళారి నుంచి మా ఆయన ఫోను చేశాడు. "అందరూ బాగుండారా?" అన్నాడు.

బాగున్నారని నాలుక చివరిదాకా వచ్చింది.

"అమ్మ గంజి కాస్తాంది," అన్నాను.