యాప్‌లో ఆమె వాటా

మా ఇంట్లో ఎవరినైనా మెచ్చుకోవాలంటే లేచి నిలబడాలి. తాతగారి కాలం నుంచి వస్తున్న పద్ధతి. పొలాలు పోయాయి, మేడ పోయింది. నేను దేశ రాజధానిలో, మునిర్కాలో రెండు అద్దె గదుల్లో ఉంటూ ఆర్.కె. పురంలోని ఒక బడిలో తెలుగు చెబుతున్నాను. ఆ పద్ధతి మాత్రం వదులుకోలేదు. తరగతిలో మంచి వాక్యం వింటే కుర్చీలోంచి లేస్తాను. పిల్లలు దానికోసం కాచుకుని ఉంటారు.

ఇప్పుడు మెచ్చుకోవడానికి కూడా బడివాళ్లు ఒక యాప్ తెచ్చారు. పిల్లలు జట్టుగా ఒకే పేజీలో టైపు చేయాలి. ఎవరి వాటా ఎంతో యాప్ శాతాల్లో చూపిస్తుంది. నేను తెర మీద వేలు పెడితే పసుపు నక్షత్రం ఒకటి ఎగిరి వెళ్లి పిల్లవాడి పేరు మీద వాలుతుంది, గంట మోగుతుంది. పావురాలకు గింజలు చల్లినట్టు రోజూ చల్లమంటారు.

ఈ ఏడాది బడుల మధ్య తెలుగు వ్యాసరచన పోటీకి మా తరగతి నుంచి ఒక్కరినే పంపాలి. పోటీలో రాసేది కాగితం మీద, కలంతో. అయినా ఆ ఒక్కరినీ యాప్‌లో వాటా చూసే ఎంచుతామన్నారు.

ఇంట్లో ఫోను గురించి రాయమన్నాను. ఒక జట్టులో కంటోన్మెంటు నుంచి వచ్చే అమ్మాయి ఉంది. తండ్రి సైన్యంలో, ఎక్కడో సరిహద్దులో. ఆమెకు తెలుగు రాయడం వచ్చు, టైపు చేయడం రాదు. కళ్లు మూసుకుని తను చెబుతుంటే పక్కనున్న అబ్బాయి టైపు కొడుతున్నాడు.

"నాన్న ఎంత దూరంలో ఉంటే అమ్మ ఫోన్లో అంత గట్టిగా మాట్లాడుతుంది. అందుకే నాన్న ఎక్కడున్నాడని నేను అడగను."

నేను లేచి నిలబడ్డాను.

యాప్‌లో ఆ అమ్మాయి వాటా సున్నా. అబ్బాయిది అందరికన్నా పైన.

యాప్‌ల వ్యవహారం చూసే మేడమ్ దగ్గరికి వెళ్లాను. మా వైపు ఆవిడే, నాకంటే చాలా చిన్నది. "ఓస్, అంతేనా సర్. ఆ పిల్ల లాగిన్‌తో ఏదో ఒకటి కొట్టించండి. చెరిపేసినా లెక్కలోకి వస్తుంది. ఠీక్ హై?" అంది.

ఒక్క దొంగసాక్షిని తెచ్చుకుని ఉంటే మా తాతగారు పొలాల దావా గెలిచేవారు. ఆ సంగతి ఈవిడకెందుకు? నేను చేయించనని మాత్రం చెప్పాను. ఆవిడ ఏమీ నొచ్చుకోలేదు. భోజనాల వేళ తనే వెళ్లి అమ్మాయికి చెప్పింది.

నేను వెళ్లేసరికి ఆ అమ్మాయి ఒక చేత్తో పరాఠా తింటూ, రెండో చేతి వేలితో ఒకే మీటను నొక్కి పట్టుకుని ఉంది. ఆ వాక్యం కింద పేజీ నిండా కకకక. చెరపడం, మళ్లీ నింపడం.

"అరే యార్, నా పర్సెంట్ అంతా తినేస్తున్నావ్," అన్నాడు అబ్బాయి. ఆమె నవ్వి, అతనికి ఒక పరాఠా ముక్క అందించింది.

సాయంత్రానికి ఆమె పేరు పైకి వచ్చింది. ఇక ఉపాధ్యాయుడి నక్షత్రం ఒకటి పడితేనే పేరు పోటీకి వెళుతుందట. మర్నాడు నా బల్ల దగ్గరికి వచ్చింది.

"సర్, స్టార్ దే దీజియే నా," అని నక్షత్రం అడిగింది.

"నీ వాక్యానికి లేచి నిలబడ్డానుగా."

"వో తో ఠీక్ హై సర్. కానీ అది యాప్‌లో కనపడదు కదా."

బాగా శ్రమించిన విద్యార్థిని మెచ్చుకోమని తెర అడుగుతోంది. ఆ కకకకలకు.

నొక్కాను. గంట మోగింది. తరగతంతా నా కుర్చీ వైపు చూసింది. నేను లేవలేదు.